బీల, బీడు, పోరంబోకు: సోంపేట భూవివాదమున పదముల చరిత్ర

2010వ సంవత్సరము జూలై 14వ తేదీన సోంపేటకు సంబంధించిన రెండు సంఘటనలు జరిగినవి. మొదటిది శ్రీకాకుళము జిల్లాలోని ఆ చిన్నపట్టణము చెంతనే జరిగినది. అచ్చట 2,640 మెగావాట్ల ఉష్ణవిద్యుత్కేంద్రము నిర్మింపబూనుట నెదిరించుచు గుమిగూడిన జనముపై పోలీసులు కాల్పులు జరిపిరి, ఇద్దరు మరణించిరి. రెండవది ఢిల్లీలో జరిగినది. ఆ కేంద్రమునకు 2009 డిసెంబరులో లభించిన పర్యావరణానుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికారసంస్థ అదే దినమున కొట్టివేసినది. తీర్పు ఒక్కదినము ముందు వచ్చియుండినచో ఆ ఇద్దరును బ్రదికియుందురేమో యని చదివినవారికి తోచక మానదు. రెండు సంఘటనలకును వస్తువైనది ఒకే నేల. ఆ నేలకు స్థానికులు పెట్టుకొన్న పేరు బీల.

ఈ వివాదమును వార్తాపత్రికలు ప్రగతికిని ప్రకృతికిని నడుమ జరిగిన సంఘర్షణముగా వర్ణించినవి. సామాజికశాస్త్రజ్ఞులు దీనిని భూసేకరణచరిత్రలో నొక ఘట్టముగా పరిశీలించిరి. ఆ రెండు దృష్టులును సమంజసములే. కాని సాగునేలను వాణిజ్యప్రయోజనముల బారినుండి కాపాడుకొను ప్రయత్నము మన సీమలో ఎచ్చట జరిగినను, అది తుదకు ఒక చిన్నప్రశ్నకడకు వచ్చి నిలుచుచున్నది: ఆ నేల లెక్కలలో ఏ పేరుతో వ్రాయబడియున్నది? సోంపేటలో ఈ ప్రశ్నకు ప్రాణములు బలియైనవి. పదముల చరిత్ర భాషాశాఖవారి విధి గనుక ఈ వ్యాసమున నేనా మార్గమునే అనుసరించుచున్నాను.

మహేంద్రగిరికిని సముద్రమునకును నడుమ నున్న ఇరుకైన మైదానమున సోంపేట యున్నది. మహేంద్రతనయానది కొండలనుండి దిగివచ్చి బారువ చెంత సముద్రమున గలియుచున్నది. తీరము వెంట ఇసుకమెరకలు. వానిని ఆశ్రయించి కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. ఈ తోటల సీమకే ఉద్దానమని వ్యవహారము. ఉద్యానశబ్దమునుండి ఈ పేరు పుట్టినదని చెప్పుదురు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చినది. మూత్రపిండవ్యాధుల మూలమున ఈ సీమపేరు దేశమంతట వినబడినది. అది వేరు కథ. ఇసుకమెరకకును కొండవాలునకును నడుమ పల్లముగా నున్న భాగమున వాననీరు, వాగులనీరు చేరి, సంవత్సరమున అధికకాలము నిలిచియుండును. అదియే బీల. సోంపేట, కంచిలి, కవిటి మండలముల పల్లెలకు దీనితో సంబంధము కలదు. చుట్టునున్న వరిచేలకు నీరు, పశువులకు మేత, జాలరులకు చేపలు, తోటలలోని బావులకు ఊట ఇచ్చుచున్నది ఇదియే. కనుక బీల ఒక పొలము కాదు. అనేకములైన పొలములకు ఆధారము. ఈ భేదమును గుర్తింపకపోవుటయే తరువాత వచ్చిన అనర్థమునకు మూలము.

బీల యను పదమును గూర్చి కొంత విచారింపవలసియున్నది. సంస్కృతమున బిలమనగా రంధ్రము, గుహ. పల్లము, గుంట యను అర్థము దానినుండి రాదగినదే. అయితే ఈ సీమ తెలుగును ఒడియాయు కలిసి మెలగు ప్రదేశము. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఇది గంజాము జిల్లాలోనిది. ఒడియాలో బిల యనగా వరిపండు పొలము. వంగభాషలో బిల్ అనగా నీరు నిలుచు విశాలమైన పల్లపునేల, చిత్తడిసరస్సు. ఒకే పదము ఒకచోట పొలమును, మరొకచోట నీటిని చెప్పుచున్నది. సోంపేటవారి బీలలో ఈ రెండర్థములును కలిసియున్నట్లు తోచుచున్నది. ఏలయన అది వానలలో నీరు, నీరు తీసిన అంచులలో చేను. ఈ వ్యుత్పత్తిని నేను సిద్ధాంతముగా చెప్పుటలేదు. సరిహద్దుసీమలలో ఇట్టి పదములకు రెండుమూడు మూలములు కలిసిపోవుట సహజము. అట్లే దక్షిణముగా పోయినచో కాకరాపల్లి ప్రాంతమున ఇట్టి నేలకు తంపర యని పేరు. అచ్చటను ఒక ఉష్ణవిద్యుత్కేంద్రము తలపెట్టబడి, 2011 ఫిబ్రవరిలో కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. రెండు ఊళ్లు, రెండు పదములు, ఎనిమిది మాసముల లోపల ఒకే విధమైన దుర్ఘటన. ఇది కేవలము యాదృచ్ఛికమని నాకు తోచదు.

ఇక బీడు. ఈ పదము బ్రౌను నిఘంటువునకును శబ్దరత్నాకరమునకును సుపరిచితమే. సేద్యము లేని నేల యని దీనికి సామాన్యార్థము. కాని రైతుల వాడుకలో దీనికి మరియొక ఛాయ కలదు. ఒక యేడు వాన పడలేదనియో, ఎద్దులు లేవనియో, నేలకు విశ్రాంతి కావలెననియో చేనిని బీడు పెట్టుదురు. అట్టి బీడులో ఊరి పసులు మేయును. పేడ నేలలో కలియును. మరుసటి యేడు ఆ నేల మరల చేనగును. అనగా బీడు నేలయొక్క స్వభావమును గాక ఒకానొక కాలమందలి దాని స్థితిని తెలుపు పదము. ఉత్తరదేశమునుండి మనకు వచ్చిన బంజరు పదమున ఈ కాలసూచన లేదు. బంజరు అన్నంతనే ఎన్నటికిని పండని నేల యని మనసునకు తోచును. ఈ రెండింటిని కాగితముపై ఒకదానికొకటి పర్యాయపదములుగా వాడుట మొదలైననాడే బీడుపెట్టిన చేనునకు ముప్పు వచ్చినది.

ప్రాచీనశాసనములలో భూమినామములు ఎట్లున్నవో చూచినచో మనకు భేదము స్పష్టమగును. కాకతీయుల కాలపు శాసనములలో నీరునేల, వెలిచేను, తోటనేల యను విభాగము కానవచ్చును. మర్తురు, ఖండుగ, పుట్టి మొదలైనవి కొలతలు. ఈ విభాగమునకు మూలము నీరు. చెరువుక్రింది నేల యేది, వానపై ఆధారపడినది యేది, మోటపై బ్రదుకు తోట యేది యనునదే శాసనకర్తకు ముఖ్యము. కళింగదేశపు గాంగుల తామ్రశాసనములలో దానము చేసిన ఊరి ఎల్లలు చెప్పునపుడు చెట్లు, పుట్టలు, గుంటలు, బండలు, వాగులు వరుసగా పేర్కొనబడును. ఆ ఎల్లలను చదువుచున్నపుడు ఊరిచుట్టు కాలినడకన తిరిగినట్లే యుండును. చెరువు త్రవ్వించినవానికి, దానిని బాగుచేయువానికి దశబంధమను పేర భూమి ఇచ్చుట ఆంధ్రదేశమున చిరకాలము నిలిచిన ఆచారము. నీటిని కాపాడుట సేద్యమును కాపాడుటయే యని ఆనాటి లెక్కలకు తెలియును.

ఇందువలన ఆ కాలమును స్వర్ణయుగముగా భావింపరాదు. ఆ శాసనములలో దాతపేరు, గ్రహీతపేరు కలవు. దున్నువాని పేరు అరుదు. ఆ విభాగమంతయు పన్నుకొరకే. అగ్రహారమైన ఊరిలో కాపునకు కలిగిన లాభమేమో శాసనము చెప్పదు. నేను చెప్పదలచినది ఇంతమాత్రమే: పన్ను కొరకైనను ఆ లెక్క నేలను దాని నీటితో కలిపి చూచినది.

ఆంగ్లేయుల రెవిన్యూపద్ధతి ఈ చూపును మార్చినది. మన్రో పేరుతో ప్రసిద్ధమైన రైత్వారీపద్ధతిలో ప్రతి కమతమునకును ఒక సర్వేనంబరు, ఒక శిస్తు, ఒక పట్టాదారు. ఈ మూడింటిలో దేనికిని లొంగని నేలలను ఏమి చేయవలెను? శిస్తుగల బంజరు, శిస్తులేని బంజరు, పోరంబోకు అను మూడు సంచులు కుట్టి వానిలో వేసిరి. పోరంబోకు తమిళపదము. పుఱమ్ అనగా వెలుపల. పోక్కు అనగా పోవునది. లెక్కకు వెలియైన భూమి యని భావము. చెరువుగర్భము, వాగు, బాట, శ్మశానము, పసులమంద నిలుచు చోటు ఇవన్నియు పోరంబోకులే. నిజమునకు ఇవి ఊరివారందరును వాడుకొనునవి గనుకనే ఏ యొక్కనికిని పట్టా ఈయక విడిచినవి. అనగా ఆ పదము మొదట ఒకవిధమైన రక్షణమే. కాలక్రమమున అది తిరుగుడుబోతును తిట్టు తిట్టుగా తెలుగున స్థిరపడినది. అందరిదియు నైన నేలకు పెట్టిన పేరు ఎవ్వరికిని చెందనివానికి తిట్టగుట అర్థపరిణామమున విచిత్రమైన ఉదాహరణము. లెక్కగదిలోను ఇట్లే జరిగినది. అందరిది యను అర్థము పోయి, ఎవ్వరిదియు కాదను అర్థము నిలిచినది.

సోంపేట పరిసరములు చిన్నచిన్న జమీందారీలు గల ప్రదేశము; మందస వానిలో నొకటి. జమీందారీ సీమలకు వర్తించిన 1908 నాటి మద్రాసు ఎస్టేట్సు భూమిచట్టము చెరువుగర్భములను, కట్టలను, నీటికాలువలను, కళ్లములను, పసులమందలు నిలుచుచోటులను, గ్రామస్థుల ఉమ్మడివాడుకకై విడిచిన ఇతరభూములను రైతునేలనుండి వేరుచేసి చెప్పినది. జమీందారునకును రైతునకును నడుమ ఊరిది యనదగిన నేల ఒకటి కలదని ఆ చట్టము అంగీకరించినట్లే. తరువాత 1948లో ఎస్టేట్ల రద్దుచట్టము వచ్చినది. జమీందారీవిధానము తొలగుట రైతులకు మహోపకారము. అందు సందేహము లేదు. కాని ఆ చట్టపు మూడవ ప్రకరణమున ప్రభుత్వమునకు సంక్రమించు భూముల పట్టికను చదివినచో ఉమ్మడిభూములు, పోరంబోకులు, బంజరులు, పచ్చికబయళ్లు, లంకభూములు, అడవులు, నదులు, చెరువులు, చేపలరేవులు మొదలైనవన్నియు ఒకే వాక్యమున వచ్చును. అన్నియు ప్రభుత్వమునకే. ఊరిది యను మాట అచ్చట కానరాదు.

ఆ పట్టికలో భాషావిద్యార్థి గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆంగ్లమున వ్రాయబడిన ఆ చట్టములో లంక యను తెలుగుపదము యథాతథముగా నిలిచినది. గోదావరి, కృష్ణా లంకలు సారవంతములు, వానిపై పాటలు జరుగును, శిస్తు వచ్చును, వ్యాజ్యములు నడచును. అందుచేత దొరలకు ఆ పదము నేర్చుకొనక తప్పలేదు. బీలకును తంపరకును ఆ యోగము పట్టలేదు. శిస్తు తేని నేల తనపేరును చట్టములోనికి తేజాలదు.

స్వాతంత్ర్యానంతరము వచ్చిన చట్టములను త్వరితముగా పరికింతము. 1963లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయేతరభూముల పన్నుచట్టము వచ్చినది. దాని ఉద్దేశము పన్నే గాని రక్షణము కాదు. దాని స్థానమున 2006లో వచ్చిన భూమార్పిడిచట్టము సాగునేలను ఇతరప్రయోజనములకు మార్చుటకు అనుమతి కావలెనన్నది. ఆ అనుమతికి భూమివిలువలో కొంతభాగము రుసుముగా చెల్లింపవలసియుండెను. రుసుము చెల్లించినవానికి అనుమతి నిరాకరింపబడుట ఎంత అరుదో లోకమునకు తెలియును. పేరు వ్యవసాయభూమిచట్టమే యైనను, దాని నడక సంతలో ఆశీలు వసూలువంటిదై యుండెను. పిమ్మట 2013 నాటి కేంద్రభూసేకరణచట్టము, 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది, తన పదవ ప్రకరణమున ఒక గొప్పమాట చెప్పినది: నీటివసతితో ఒకటికి మించిన పంటలు పండు భూమిని గత్యంతరము లేనపుడు తప్ప సేకరింపరాదు, సేకరించినచో అంత విస్తీర్ణముగల సాగుకు తగిన బంజరును అభివృద్ధి చేయవలెను.

ఈ ప్రకరణమును మెచ్చుకొనుచునే దాని లోపల నున్న చిక్కును చూడవలెను. పండునేలను కాపాడుటకై అది బంజరును చూపించుచున్నది. బంజరన్నది నిజముగా బంజరైనచో చిక్కులేదు. కాని లెక్కలో బంజరుగా వ్రాయబడినది నిజమునకు బీలయో తంపరయో యైనచో, ఒకచోట రైతును రక్షించిన వాక్యమే మరొకచోట రైతునకు నీరిచ్చు నేలను పారిశ్రామికునకు అప్పగించుటకు దారిచూపును. సోంపేట వివాదము ఈ చట్టమునకు ముందటిది. అయినను బంజరుచోట పరిశ్రమ పెట్టుట దోషము కాదను భావము చట్టముకన్న పాతది. 2008లో అదియే పనిచేసినది.

2008లో ప్రభుత్వము ఒక ప్రైవేటు నిర్మాణసంస్థకు బీలలో వేయి ఎకరములకు కొంచెము తక్కువగా భూమిని విద్యుత్కేంద్రముకొరకు కేటాయించినది. కేటాయింపును సమర్థించినవారి వాదము సూటిగా నుండెను: ఇది ప్రభుత్వభూమి, నిరుపయోగమైనది, ఎవరి పట్టాయు పోవుటలేదు. కాగితముల ప్రకారము ఈ మాటలో అబద్ధమేమియు లేదు. కాని పట్టా లేనిచోట ఉపయోగము లేదనుట లెక్కల పుస్తకము తప్ప మరేమియు చూడనివారు చేయదగిన అనుమానము. చేపపట్టువానికి పట్టా ఉండదు. ఆవును మేపువానికి పట్టా ఉండదు. పట్టాగల వరిచేనునకు సైతము బీలనీటిపై పట్టా లేదు.

స్థానికుడైన ఒక వైద్యుని నాయకత్వమున పర్యావరణపరిరక్షణసంఘము ఏర్పడినది. రైతులు, జాలరులు, తోటలవారు, పట్టణములోని వర్తకులు సైతము అందు కలిసిరి. 2009 ఆగస్టులో ప్రజాభిప్రాయసేకరణము జరిగినది. వ్యతిరేకత ప్రబలముగా వ్యక్తమైనది. కేంద్రప్రభుత్వమున విద్యుచ్ఛాఖకు కార్యదర్శిగా పనిచేసి విశ్రాంతి తీసికొన్న ఇ. ఎ. ఎస్. శర్మగారు ఈ ఉద్యమమునకు తోడైరి. విద్యుత్తు ఆవశ్యకత ఎరిగినవారే అభ్యంతరము చెప్పుట ఉద్యమమునకు గొప్పబలము. ఉద్యమకారుల వాదమంతయు ఒక్క పదముచుట్టు తిరిగినది. ఇది బీడు కాదు, బీల. అధికారభాషలో చెప్పవలసివచ్చినపుడు వారు చిత్తడినేల యను కొత్తపదమును చేపట్టిరి. ఈ మార్పు ముఖ్యమైనది. 1971లో ఇరానుదేశమున రామ్‌సార్ పట్టణమున జరిగిన అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశము 1982లో చేరినది. అప్పటినుండి చిత్తడినేల యను భావమునకు ప్రభుత్వపత్రములలో స్థానము లభించినది. బీల యన్నచో కచ్చేరీలో ఎవ్వరును వినరు. చిత్తడినేల యన్నచో ఢిల్లీలోని ప్రాధికారసంస్థ విన్నది. ఒక పల్లెపదము న్యాయస్థానమునకు పోవలెనన్న అంతర్జాతీయపరిభాష వేషము వేసికొనవలసివచ్చినది. ఆ వేషము వేయుటకు పట్టినకాలములోనే ఇద్దరి ప్రాణములు పోయినవి.

అనుమతి రద్దైన తరువాతను రిలేనిరాహారదీక్షలు సంవత్సరములకొలది సాగినవి; ఏలయన పర్యావరణానుమతి పోయినంతమాత్రమున భూమికేటాయింపు పోదు. తీర్పు చెప్పిన ప్రాధికారసంస్థయే 2010 అక్టోబరులో అంతరించి, దాని స్థానమున జాతీయ హరితన్యాయస్థానము వచ్చినది. విద్యుత్కేంద్రము మాత్రము నిర్మింపబడలేదు.

ప్రతిపక్షమువారి మాటయు చెప్పవలెను. శ్రీకాకుళము జిల్లానుండి కూలిపనికై హైదరాబాదు, ముంబయి, విశాఖపట్టణములకు వలసపోవువారు అనేకులు. పరిశ్రమ వచ్చినచో ఈ వలస ఆగునని నమ్మినవారు స్వార్థపరులు కారు. రాష్ట్రమునకు విద్యుత్తు కావలసియుండెను. బొగ్గును ఓడలపై దింపుకొనుటకు తీరప్రాంతము అనువైనది. ఈ వాదమునకు ఉద్యమము సంపూర్ణమైన సమాధానము చెప్పినదని నేననను. బీల మిగిలినను వలస ఆగలేదు. అయితే అట్టి కేంద్రమున పల్లెవానికి దొరకు ఉద్యోగములెన్ని, బీలవలన బ్రదుకుచున్నవారెందరు అను లెక్క రెండవవైపున వేయబడియుండవలెను. బీల నిరుపయోగమైనదని ముందుగానే వ్రాసికొన్నచోట రెండవవైపు సున్నయే.

ఇదే 2008వ సంవత్సరమున కేరళరాష్ట్రము నెల్‌వయల్ తణ్ణీర్‌త్తడ సంరక్షణ నియమమను చట్టమును చేసినది. నెల్‌వయల్ అనగా వరిమడి. తణ్ణీర్‌త్తడమనగా నీరు నిలుచు పట్టు. చట్టము ఈ రెండింటిని ఒకే పేరులో జంటగా కూర్చినది. అంతకంటె విశేషము దాని నిర్వచనము. ఏడాదికొకసారియైనను వరి పండు నేలయే కాక, వరికి తగినదైయుండి సేద్యము లేక బీడుపడిన నేలయు వరిమడియే. దాని గట్లు, మురుగుకాలువలు, కుంటలు, కాలువలు సైతము వరిమడిలో భాగములే. మన రైతు బీడు పదమును వాడు అర్థమునే ఆ చట్టము శాసనముగా చేసినట్లున్నది. ప్రతి గ్రామమునకును వ్యవసాయాధికారియు రైతుప్రతినిధులును గల స్థానికసంఘము సర్వేనంబర్ల పట్టికను తయారుచేయవలెనన్నది. అది నిర్దుష్టముగా నడచినదని చెప్పరాదు. పట్టికలు ఆలస్యమైనవి, పొరపాటున చేర్చిరని తొలగింపుకోరిన దరఖాస్తులు కుప్పలుపడినవి, 2018లో చేసిన సవరణ పట్టికకెక్కని నేలలను రుసుముపై మార్చుకొనుటకు దారి తెరచినది. అయినను పేరుకెక్కిన నేలకును ఎక్కని నేలకును గల భేదము అచ్చట ఎల్లరకును తెలిసినది.

కేంద్రప్రభుత్వము 2010 డిసెంబరులో చిత్తడినేలల నియమములను, వానికి బదులు 2017లో మరల నియమములను చేసినది. 2017 నాటి నిర్వచనము వరిచేలను, నీటిపారుదలకై కట్టిన చెరువులను చిత్తడినేలలనుండి మినహాయించినది. ఇందుకు కారణములు కలవు. ప్రతి వరిమడియు చిత్తడినేలయైనచో రైతునకే ఇబ్బంది. కాని బీలవంటిచోట ఎంతవరకు చిత్తడి, ఎచ్చటనుండి వరిచేను? అంచు ఋతువును బట్టి కదలుచుండును. చట్టమునకు కదలని అంచు కావలెను. 2011 జనవరిలో జగ్పాల్ సింగ్ వ్యాజ్యమున ఉన్నతమన్యాయస్థానము గ్రామముల ఉమ్మడిభూములను కాపాడవలెనని తీర్పుచెప్పుచు, దేశమున వానికిగల పేర్లను కొన్నింటిని పేర్కొన్నది. దక్షిణదేశపు పేర్లలో పోరంబోకు కలదు. నిందావాచకమైయున్న పదము ఉన్నతమన్యాయస్థానమున ఉమ్మడియాస్తి యను మొదటి అర్థమున మరల వినబడినది.

ఇక్కడ ఒకమాట చెప్పక తప్పదు. బీల ఉమ్మడినేల గనుక దానికొరకు ఊళ్లు కలిసి పోరాడినవి. మన చిన్నపట్టణములచుట్టు జరుగుచున్న సాగునేలల నష్టములో అధికభాగము ఇట్టిది కాదు. బాట వెంబడి నున్న జిరాయితీచేను ఒకటి అమ్ముడగును, హద్దురాళ్లు పాతుదురు, రంగులజెండాలు ఎగురును, ప్లాట్లు పడును. ప్రక్కచేనునకు నీరుపోవు బోదె పూడును. రెండేండ్లకు ఆ చేనును బీడుపడును. బీడుపడినదని దానిని అమ్ముదురు. ఎవరును ఎవరిని బలవంతపెట్టలేదు. పట్టాదారునకు వెల ముట్టినది. కౌలుకు దున్నువానిపేరు మాత్రము ఏ కాగితమునను లేదు. 2011లోను 2019లోను ఆంధ్రప్రదేశ్‌లో సాగుదారులకై చట్టములు వచ్చినను, భూమి ప్లాట్లుగా మారునపుడు అవి వానికి అడ్డునిలువవు. జిరాయితీ యను పదము సేద్యమను అర్థముగల అరబ్బీపదమునుండి వచ్చినది. నేడు దాని వాడుకలో సేద్యము పోయి స్వామ్యమొక్కటే మిగిలినది. జిరాయితీ యనగా అమ్ముకొనదగినది యని అర్థము. బీలను పేరులేకపోవుట అపాయమునకు గురిచేసినది. జిరాయితీని పేరుండియు అర్థము మారిపోవుట అపాయమునకు గురిచేయుచున్నది.

ఈ విషయమున మన శాఖలకు ఒక పని కలదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలికవృత్తిపదకోశపు వ్యవసాయసంపుటము, భద్రిరాజు కృష్ణమూర్తిగారి పర్యవేక్షణమున వెలువడినది, రైతు నోటిమాటను శాస్త్రీయముగా సేకరించుటకు దారిచూపినది. నేల, నీరు, పల్లము, మెరక, గరువు, లంక, తంపర, బీల మొదలైన పదములను ఊరూరను, సర్వేనంబరుతో ముడిపెట్టి సేకరించిన గ్రంథము మాత్రము కావలసియున్నది. నిఘంటువునకు పదము చాలును. ఈ పనికి ఆ పదము ఏ నేలను ఏ ఋతువులో చెప్పునో తెలియవలెను. ఆ పదములను ఎరిగిన కరణములు 1984లో పదవులు కోల్పోయిరి. వారి పాలనలో దోషములు లేవని కాదు. వారు వ్రాసిన తప్పుడులెక్కలకు బలియైన రైతులు కోకొల్లలు. కాని ఏ నంబరు ఏ వానకు మునుగునో వారు చూడకయే చెప్పగలిగియుండిరి.

రీసర్వే సెటిల్మెంటు రిజిస్టర్లలో సర్వేనంబరు, విస్తీర్ణము, తరము, శిస్తు వ్రాసిన పిమ్మట, కడపట రిమార్కుల గడి యొకటి యుండును. శిస్తుకు అక్కరలేని సంగతులు వ్రాయుటకు లెక్కలలో మిగిలిన చోటు అదియే. సోంపేట, కంచిలి, కవిటి మండలముల పాత రిజిస్టర్లలో ఆ గడిని వరుసగా చదివి, బీల యను మాట ఎన్ని నంబర్లకెదురుగా వ్రాయబడినదో, ఎన్నింటికి వ్రాయబడలేదో గుర్తించుట ఒక పరిశోధకునకు ఒక సంవత్సరపు పని.